ఈ పురుగు మనకేమవుతుంది?

మన పల్లెల్లో కొత్త మనిషి అడుగుపెడితే అరుగుమీది అవ్వలు ఊరుకోరు. "ఎవరి పిల్లోనివి నాయనా? మీ అమ్మది ఏ ఊరు?" అని మొదలుపెడతారు. ఆ మనిషి నాలుగు మాటలు చెప్పేసరికి ఏదో ఒక వరస కలిపేస్తారు. "అట్లయితే నువ్వు నాకు అల్లుని వరస గదా!" అంటారు. తక్కిన మాటలన్నీ ఆ తరువాతనే.

జంతుశాస్త్రజ్ఞులు చేసే పని కూడా చాలావరకు ఇదే. ఎక్కడ ఏ ప్రాణి దొరికినా, అది ఎవరికి ఏమవుతుందో విచారించి వరస కలుపుతారు. దీనినే వర్గీకరణ అంటారు. వానపామూ జలగా దగ్గరి చుట్టాలు. రొయ్యకూ సాలెపురుగుకూ దూరపు చుట్టరికం. గబ్బిలం ఎగిరినా పక్షి కాదు, అది మన వైపు చుట్టం. ఇవన్నీ తేలిపోయిన వరసలు. కాని ఒక పురుగు ఉన్నది. అది మనిషి చేతికి చిక్కి నూరేళ్ళు దాటింది. ఈనాటికీ దానికి ఖాయంగా వరస కలపలేకపోయారు.

ఆ పురుగు పేరు జీనోటర్బెల్లా. 1915లో సిక్స్‌టెన్ బాక్ అనే శాస్త్రజ్ఞుడు స్వీడన్ దేశపు పడమటి తీరాన, సముద్రపు అడుగు బురదలో దాన్ని మొదట కనుగొన్నాడు. (అదే ఏడు మన పక్కన రాయచూరు జిల్లా మస్కిలో ఒక బంగారుగనుల ఇంజనీరు అశోకుడి శాసనాన్ని కనుగొన్నాడు. ఆ శాసనం సంగతి తరువాత వస్తుంది.) పురుగు పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. రంగు లేత పసుపు. నడుముకు మొలతాడు కట్టినట్టు ఒంటి చుట్టూ ఒక గాడి ఉంటుంది. పొట్టకింద నోరు. ఒళ్ళంతా కంటికి కనిపించనంత సన్నని నూగు. దీనిని శైలికలు అంటారు. ఆ శైలికలను ఆడిస్తూ పురుగు బురదమీద జారుకుంటూ పోతుంది.

దానికి ఏమున్నదో చెప్పడంకన్న ఏమి లేదో చెప్పడం తేలిక. కళ్ళు లేవు. మెదడు లేదు. చర్మం అడుగున చేపలవల పరిచినట్టు నరాలున్నవి, అంతే. గుండె లేదు, రక్తనాళాలు లేవు, మొప్పలు లేవు, మూత్రపిండాలవంటివి లేవు. పొట్ట ఉన్నది గాని అది మూతి మాత్రమే ఉన్న గోనెసంచి. లోపలికి పోయిన తిండిలో మిగిలిన చెత్త మళ్ళీ ఆ నోటిగుండానే బయటికి రావాలి. మలద్వారం లేదు!

ఈ మాట దగ్గర పిల్లలు తప్పకుండా నవ్వుతారు. నా ఉద్యోగకాలంలో ఏ ఏడూ నవ్వకుండా ఉన్న తరగతి లేదు. తల్లిదండ్రులకు ఒక మనవి: పిల్లలు ఇటువంటి ప్రశ్నలు అడిగితే "ఛీ, నోరు మూసుకో" అనకండి. నోరూ మలద్వారమూ రెండూ ఉన్న గొట్టంలాంటి పేగు ప్రాణికోటి చరిత్రలో చాలా పెద్ద విశేషం. ఒకవైపు తింటూ ఇంకొకవైపు విసర్జించగలిగితే, తిన్నది అరిగేదాకా ఆగకుండా మళ్ళీ తినవచ్చు. సంచికడుపు జీవికి ఆ సదుపాయం లేదు.

జొన్నగిరిలో ఉండి సముద్రపు పురుగు గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నిజమే, మాకు రోడ్డున ఎటు పోయినా సముద్రం మూడువందల కిలోమీటర్లకు తగ్గదు. కాని మా ఇళ్ళలో పరిచిన నాపరాళ్ళు ఎక్కడివనుకున్నారు? బేతంచెర్ల వైపు గనులనుంచి వస్తాయి. అవి ఒకానొక కాలపు సముద్రం అడుగున పేరుకొన్న సున్నపు బురద. కోట్ల సంవత్సరాలు గట్టిపడి బండలైనవి. వాటిలో ఆల్చిప్ప గాని, చేపముల్లు గాని మీకు కనిపించదు. గుల్లలూ ఎముకలూ గల ప్రాణులు ఇంకా పుట్టని రోజులవి. మనం రోజూ చీపురుతో ఊడ్చేది ఒక పురాతన సముద్రపు అడుగునే.

ఇక వర్గీకరణకు వద్దాం. ప్రాణులకు పద్ధతిగా పేర్లు పెట్టిన లిన్నేయస్ కూడా స్వీడన్ దేశస్థుడే. 1758లో ఆయన వెలువరించిన జాబితాలో క్షీరదాలకు, పక్షులకు, ఉభయచరాలకు, చేపలకు, కీటకాలకు వేరువేరు గదులున్నవి. మిగిలినవన్నీ "పురుగులు" అనే ఒకే గదిలో పడేశాడు. వానపాము, నత్త, సముద్ర నక్షత్రం, జెల్లీచేప అన్నీ అక్కడే! ఇంట్లో ఎక్కడా ఇమడని సామానును అటకమీద వేస్తాం చూడండి, అటువంటిదన్నమాట. ఆ తరువాత రెండువందల ఏళ్ళపాటు శాస్త్రజ్ఞులు ఆ అటక సర్దడమే పనిగా పెట్టుకొన్నారు.

1949లో వెస్ట్‌బ్లాడ్ అనే ఆయన మన పురుగును శ్రద్ధగా పరిశీలించి వర్ణించాడు. మెత్తని ఒళ్ళు, శైలికలు, సంచికడుపు చూసి దీన్ని చదును పురుగుల పక్కన కూర్చోబెట్టాడు. జీనోటర్బెల్లా అంటే వింత చదును పురుగు అనుకోవచ్చు. ఆయన చేసింది సబబే. చదును పురుగులకు కూడా మలద్వారం ఉండదు. అప్పట్లో చూపుకు దొరికే ఆనవాళ్ళు అంతకన్న లేవు.

అయితే లక్షణాలు "ఉండటం" చూసి చుట్టరికం చెప్పడం ఒక ఎత్తు, "లేకపోవడం" చూసి చెప్పడం ఇంకొక ఎత్తు. ఇద్దరికీ ముక్కుమీద ఒకేరకం పుట్టుమచ్చ ఉంటే ఒక ఇంటివాళ్ళేమో అనుకోవచ్చు. ఇద్దరి జేబుల్లోనూ డబ్బు లేకపోతే మాత్రం ఒక ఇంటివాళ్ళని ఎట్లా అంటాం? ఒకడు పుట్టు పేదవాడు కావచ్చు, ఇంకొకడు ఉన్నది పోగొట్టుకొన్నవాడు కావచ్చు.

ఆ తరువాత డి.ఎన్.ఎ. చదివే పద్ధతి వచ్చింది. ప్రతి జీవకణంలోనూ ఆ ప్రాణి వంశచరిత్ర నాలుగే అక్షరాలతో రాసి ఉంటుంది. ఇక పురుగు రూపంతో పనిలేదు, రాత చదివితే చాలునని సంబరపడ్డారు. 1997లో చదివారు. ఏమి తేలిందో ఊహించండి. జీనోటర్బెల్లా ఆల్చిప్పల జాతి అని తేలింది! ఆ ఏడే ఇంకొక శాస్త్రజ్ఞుడు దాని లోపల ఉన్న గ్రుడ్లను చూసి ఇవి ఆల్చిప్పల గ్రుడ్లలాగే ఉన్నవన్నాడు. రెండు సాక్ష్యాలు కలిశాయి. చిప్పగాని, ఆల్చిప్పకుండే మిగతా అవయవాలు గాని ఏవీ లేని ఆల్చిప్ప! వింతల్లో వింతగా దాన్ని అందరూ చెప్పుకొన్నారు.

2003లో గుట్టు బయటపడింది. ఆ పురుగు బురదలోని చిన్న ఆల్చిప్పలను తింటుంది. పరీక్షలో చదివిన డి.ఎన్.ఎ. పురుగుది కాదు, దాని కడుపులో ఉన్న భోజనానిది! జొన్నరొట్టె తిన్న పిల్లవాడి కడుపు పరీక్షించి "వీడు జొన్నమొక్క" అన్నట్టయింది. తరగతిలో ఈ భాగం చెప్పిన రోజున నాకు పిల్లలను అదుపులో పెట్టడం కష్టమయ్యేది. నిజానికి ఇందులో నవ్వులాటకన్న ఎక్కువ ఉన్నది. ఆ పొరపాటును పట్టుకొన్నది అదే రంగంలో పనిచేస్తున్న శాస్త్రజ్ఞులే. భోజనం రాతనూ పురుగు సొంత రాతనూ వేరుచేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు.

రాత చదివి వరస కలపడమంటే ఏమిటో మా ప్రాంతపు ఉదాహరణతో చెపుతాను. మాకు దగ్గరలో ఎర్రగుడి ఉన్నది. అక్కడి బండలమీద అశోకుడి శాసనాలున్నట్టు 1929లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు లోకానికి తెలియజేశాడు. వాటిలో చిన్న శాసనం చదవడం తమాషా. చెక్కినవాడు కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు చెక్కాడు, కాడికి కట్టిన ఎద్దులు చేను దున్నినట్టు. ఏ పంక్తి ఎటునుంచి చదవాలో తెలియకపోతే అర్థం కాదు. మరి పండితులు ఎట్లా చదివారు? అదే శాసనం మస్కిలో ఉన్నది, కర్ణాటకలోని బ్రహ్మగిరిలో ఉన్నది, పత్తికొండ వైపున రాజులమందగిరిలో ఉన్నది. ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకొని అక్షరం అక్షరం పోల్చారు. ఎక్కడ ఒక మాట ఎక్కువైంది, ఎక్కడ ఒక మాట మారింది చూస్తే, ఏ ప్రతి ఏ ప్రతికి దగ్గరిదో తెలుస్తుంది. (బ్రహ్మగిరి ప్రతిలో సువర్ణగిరి అనే పట్టణం పేరు వస్తుంది. అది మా జొన్నగిరే అని కొందరు పండితుల అభిప్రాయం. ఊరి అభిమానంకొద్దీ నేనూ వాళ్ళ పక్షమే.) కడపలో బ్రౌన్ దొర వేమన పద్యాల తాటాకు ప్రతులను సేకరించి పోల్చిన పద్ధతి కూడా ఇదే.

ప్రాణుల డి.ఎన్.ఎ. కూడా అటువంటి ప్రతే. తల్లిదండ్రులనుంచి బిడ్డలకు వచ్చేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు ఆ వంశమంతటా నిలిచిపోవచ్చు. లక్షలాది అక్షరాలు పోల్చితే వంశవృక్షం గీయవచ్చు.

ఇట్లా గీస్తే మొదట తెలిసిన సంగతి ఇంకొకటి. సముద్రపు ఇసుకలో ఏసీలా అనే చిన్న చిన్న పురుగులుంటాయి. వీటికి సంచికడుపు కూడా లేదు. నోట్లో పడిన తిండి నేరుగా లోపలి మెత్తని ముద్దలో కలిసి జీర్ణమవుతుంది. వీటిని కూడా ఏనాటినుంచో చదును పురుగుల్లోనే లెక్కవేసేవారు. 1999లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు కొందరు వీటి రాత చదివి, ఇవి చదును పురుగులు కానే కావన్నారు. తరువాత మన జీనోటర్బెల్లాకూ ఈ ఏసీలాలకూ దగ్గరి చుట్టరికమున్నట్టు తేలింది. 2011లో రెండింటినీ కలిపి ఒక వర్గంగా పేరుపెట్టారు. అంటే దానికి ఒక ఇల్లూ, దాయాదులూ దొరికారు. ఇంతవరకు దాదాపు అందరూ ఒప్పుకొన్నారు.

ఈ దాయాదుల్లో ఒకటి చాలా ముచ్చటైనది. ఫ్రాన్సు దేశంలో రాస్కాఫ్ అనే ఊరి సముద్రతీరంలో ఉంటుంది. పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. పిల్లదశలో సముద్రంలోని సూక్ష్మమైన పచ్చని నాచును తన ఒంట్లోకి తీసుకొంటుంది గాని దాన్ని అరిగించుకోదు, కాపురం పెట్టిస్తుంది. ఇక పెద్దయిన తరువాత భోజనమే చెయ్యదు! నాచు ఎండలో తయారుచేసే ఆహారంతోనే గడుపుకొంటుంది. ఆటుపోట్లలో నీరు తీసినప్పుడు ఈ పురుగులు వేలకొద్దీ ఇసుకపైకి వచ్చి ఎండ కాగుతాయి. దూరంనుంచి చూస్తే ఇసుకమీద ఆకుపచ్చరంగు ఒలికినట్టు ఉంటుంది. ఎవరైనా నడిచివస్తే ఆ అదురుకు చటుక్కున ఇసుకలోకి దిగిపోతాయి.

మన తీరంలో ఇసుకను ఇంత శ్రద్ధగా చూసినవారు లేరా అంటే, ఉన్నారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖలో పి. ఎన్. గణపతి గారు, జి. చంద్రశేఖరరావు గారు వాల్తేరు తీరపు ఇసుకరేణువుల సందుల్లో బ్రతికే ప్రాణులను పరిశోధించి 1962లో ప్రకటించారు. రేణువుకూ రేణువుకూ మధ్య ఉండే తడిలో చదును పురుగులు మొదలైన ఎన్నో రకాల ప్రాణులు సంసారం చేస్తుంటాయి. మనం బీచికి పోయి శనక్కాయలు తిని వచ్చేస్తాం. వాళ్ళు అదే ఇసుకను గిన్నెలో కడిగి, ఆ నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టుకొన్నారు.

అసలు తగాదా ఇప్పుడు వస్తుంది. ఎడమ కుడి పక్కలు సరిసమానంగా గల జంతువులు రెండు పెద్ద వంశాలుగా చీలినవి. ఒక వంశంలో కీటకాలు, నత్తలు, వానపాములు, అసలైన చదును పురుగులు. రెండవ వంశంలో చేపలు, కప్పలు, పక్షులు, మనం. సముద్ర నక్షత్రం కూడా ఈ రెండవ వంశానిదే అంటే ఆశ్చర్యపోకండి, అది మన దూరపు దాయాది. మరి జీనోటర్బెల్లా ఎక్కడిది?

2016లో నేచర్ అనే పత్రికలో రెండు పరిశోధకబృందాలు, ఈ పురుగులు రెండు వంశాలూ చీలకముందే విడిపోయిన శాఖ అని ప్రకటించాయి. అందులో ఒక బృందం పసిఫిక్ సముద్రపు లోతుల్లో కొత్తగా నాలుగు జాతులను కూడా కనుగొన్నది. ఒకదాని పొడవు ఇరవై సెంటీమీటర్లు! ఇంకొకటి స్పెయిన్‌వాళ్ళు నూనెలో వేయించుకొనే చుర్రో అనే పిండివంటలాగ ఉన్నదని దానికి ఆ పేరే పెట్టారు. మన అవ్వలు చూస్తే మురుకుల గొట్టంలోనుంచి దిగిన పిండి అందురు.

వీరిమాట నిజమైతే మనందరి మూలపురుషుడు కూడా ఇటువంటి సంచికడుపు సాదా పురుగే కావచ్చు. జీనోటర్బెల్లా ఆ పాత ఇంటిని మార్చకుండా అట్లాగే ఉంచుకొన్నదన్నమాట.

కాని 2011లోనూ, మళ్ళీ 2019లోనూ ఇంకొక బృందం వేరుగా చెప్పింది. ఈ పురుగులు రెండవ వంశంలోనివే, సముద్ర నక్షత్రాల పక్కవాటా వారే అన్నది. అంటే అవి మన వైపువే! అట్లా అయితే వాటి పూర్వీకులకు మలద్వారం మొదలైన అవయవాలు ఉండి, తరువాత పోయినవన్నమాట. వాళ్ళ వాదం ఇది: ఏసీలాల డి.ఎన్.ఎ. చాలా త్వరత్వరగా మారుతూ వచ్చింది. తప్పులు విపరీతంగా పడిన తాటాకు ప్రతి ఏ ప్రతితోనూ సరిపోదు. అటువంటి ప్రతిని చూసి ఇది అన్నిటికన్న ముందే విడిపోయిందని భ్రమపడడం సులభం. ఆ భ్రమకు తగిన సవరణ చేసి లెక్కవేస్తే పురుగు మన వైపు జరుగుతున్నదని వారంటారు.

అవయవాలు పోవడం అసంభవమేమీ కాదు. మనుషుల పేగుల్లో చేరే బద్దెపురుగుకు అసలు పొట్టే లేదు. అరిగిన ఆహారంలోనే మునిగి ఉంటుంది గనుక ఒంటితోనే పీల్చుకొంటుంది. దాని పూర్వీకులకు నోరూ పొట్టా ఉండేవి. గుహల చీకట్లో తరతరాలుగా బ్రతికిన చేపలకు కళ్ళు పోయాయి.

నేను ఈ రెండు వాదాలూ తొమ్మిదవ తరగతిలో చెప్పిన ఏడు, ఒక అమ్మాయి ఇంటికి పోయి తండ్రికి చెప్పింది. ఆయన మరునాడు బడికి వచ్చాడు. ఆయనకు రెండెకరాల మెట్ట. తొలకరి వాన పడగానే మా చుట్టుపక్కల చేలల్లో వజ్రాలకోసం వెతికేవాళ్ళలో ఆయనా ఒకడు. కూతురు ముందుముందు బై.పి.సి. చదువుతానంటున్నదట. "సార్, ఒక ఏడు ఒకటి, ఇంకో ఏడు ఇంకొకటి చెప్తాంటే అది యాడి చదువు సార్? దాన్ని నమ్మి ఆడబిడ్డను ఇన్నేళ్ళు ఎట్ల చదివిచ్చేది?" అన్నాడు. డబ్బు కట్టవలసినది ఆయన. అడగడం న్యాయమే.

"నీకు చేలో ఒక రాయి దొరికిందనుకో. ఒక వ్యాపారి పలుగురాయి అన్నాడు. పారేస్తావా?" అని అడిగాను.

"ఎందుకు పారేస్తా సార్? గుత్తిలో ఇంకొకనికి చూపిస్తా."

"అతను వజ్రమన్నాడు. మొదటివాడు మళ్ళీ కాదన్నాడు. అప్పుడు?"

"సాన పట్టిచ్చి చూడాల. రాయి మారదు గదా సార్, వాళ్ళ చూపు మారొచ్చు గాని."

నేను చెప్పదలచినది ఆయనే చెప్పాడు. అయినా వెంటనే ఒప్పుకొని పోలేదు. "చూస్తాం సార్" అన్నాడు, మా వైపు ఆ మాటకు అర్థం ఏదైనా కావచ్చు. పది పాసైన తరువాత ఆ అమ్మాయిని ఆదోనిలో బై.పి.సి.లోనే చేర్చాడు. నా మాటవల్లనేమీ కాదు. వాళ్ళ అవ్వ రెండురోజులు అన్నం ముట్టకుండా పట్టుబట్టిందని తరువాత తెలిసింది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. "సార్, లేని అవయవం ఎన్నడూ లేనిదో, ఉండి పోయిందో పురుగును చూసి చెప్పేదెట్లా?" శరీరం చూసి చెప్పలేం. పాడుపడిన ఇంట్లో దూలాలు పోయినా గోడల్లో దూలపు గూళ్ళు మిగులుతాయి. అట్లాగే డి.ఎన్.ఎ.లో ఏవైనా పాత గూళ్ళున్నవేమో వెతకాలి. 2024లో జీనోటర్బెల్లా డి.ఎన్.ఎ. మొత్తాన్ని చదివి ప్రకటించారు. అది 18 పెద్ద ముక్కలుగా ఉన్నది. చిత్రమేమంటే, శరీరం అంత సాదాగా ఉన్నా జన్యువులు మాత్రం ఇతర జంతువులకు తీసిపోకుండా ఉన్నవి. ఇది "ఉండి పోయింది" అనేవారికి కొంత బలమిస్తుంది. నా మనసు కూడా అటే మొగ్గుతున్నది. కాని ఇంతమాత్రాన తగాదా తీరలేదు. అన్ని జన్యువులూ ఉండి, వాటితో పెద్ద శరీరం కట్టుకోని మూలపురుషుడు కూడా ఉండవచ్చునని రెండవ పక్షంవారు అనవచ్చు.

జీనోటర్బెల్లాను చూడాలంటే స్వీడన్ వెళ్ళాలి. సంచికడుపు పురుగును మాత్రం మీ ఊళ్ళోనే చూడవచ్చు. వర్షాకాలం తరువాత వంకలోగాని కుంటలోగాని తేటనీరు నిలిచినచోట, పెద్దవాళ్ళను వెంట తీసుకొని వెళ్ళండి. చిన్న మాంసపు ముక్కకు దారం కట్టి, నీటిలోని రాళ్ళ పక్కన సాయంత్రం పూట వదలండి. ఒక గంట తరువాత మెల్లగా పైకి తీసి, తేటనీళ్ళున్న తెల్లని గిన్నెలో పెట్టండి. అదృష్టముంటే బూడిదరంగు చదును పురుగులు ముక్కను పట్టుకొని ఉంటాయి. తల బాణపు మొనలాగ ఉంటుంది, మెల్లకన్నులాంటి రెండు చుక్కలుంటాయి. భూతద్దంతో పొట్టవైపు చూస్తే నోరు తలదగ్గర కాక ఒంటి నడుమ కనిపిస్తుంది. మొదటిరోజు దొరకకపోతే చోటు మార్చి చూడండి. చూసిన తరువాత వాటిని తెచ్చినచోటనే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోండి.